వేట ఎవరిది, వ్యాపారం ఎవరిది?
వన్యప్రాణి చట్టాల చరిత్రలో ఆదివాసీల చోటు

అడవిలోకి వెళ్లే ప్రతి రోడ్డు మీద, ప్రతి చెక్‌పోస్టు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. వన్యప్రాణులను వేటాడటం నేరమని, శిక్ష ఇంత, జరిమానా ఇంత అని దాని మీద రాసి ఉంటుంది. ఆ బోర్డు ఎక్కువగా మన ఊళ్ల దారుల్లోనే కనిపిస్తుంది. పులి చర్మం కొనేవాడి వీధిలో, అలుగు పెంకులు ఎగుమతి చేసేవాడి గోదాం ముందు కనబడదు. అందుకే మన పిల్లలు ఆ బోర్డు చదివినప్పుడల్లా, అడవి జంతువులు తగ్గిపోవడానికి కారణం మనమే కాబోలు అనుకుంటారు. బడిలో పాఠం కూడా చాలాసార్లు అలాగే చెబుతుంది.

చరిత్ర వేరే మాట చెబుతుంది. అడవి జంతువును అంగట్లో సరుకుగా మార్చింది ఎవరు, దాన్ని ఆపడానికి చట్టాలు ఎప్పుడు వచ్చాయి, ఆ చట్టాల బరువు ఎవరి మీద పడింది అన్నది తెలుసుకోవాలి. ఇది మన గొప్ప చెప్పుకోవడానికి మాత్రమే కాదు. ఈరోజు మన కుర్రాళ్ల కోసం దళారులు ఫోన్లు చేస్తున్నారు. చట్టం తెలియనివాడు వాళ్ల మాట నమ్మి జైలుకు పోతున్నాడు. ఆ చట్టంలోనే మనకున్న హక్కులు మాత్రం కాగితం మీదే ఉండిపోతున్నాయి.

తిండి కోసం వేట

మన తాతలు వేటాడారు. దాన్ని దాచుకోవలసిన పని లేదు. విశాఖ మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు వెళ్లడం ఆచారం. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఆట పట్టిస్తారు. కోయవాళ్ల భూమి పండుగలోనూ వేట ఉంది. అయితే వేట మన బతుకులో ఒక భాగమే గాని మొత్తం బతుకు కాదు. 1940ల్లో నల్లమలకు వచ్చి చెంచుల జీవితాన్ని రాసిన హైమన్‌డార్ఫ్ కూడా వాళ్ల తిండిలో ఎక్కువ భాగం గడ్డలు, దుంపలు, కాయలు, ఆకులేనని గమనించాడు. విల్లు, బాణం, ఉచ్చు, వల మన పనిముట్లు. వాటితో దొరికినది గూడెమంతా పంచుకునేవారు. మాంసం ఆ పూటకు, మహా అయితే మరో రెండు పూటలకు. అది దాటి వేటాడితే దాచుకునే చోటు లేదు, అమ్ముకునే అంగడీ లేదు.

వేటకూ వ్యాపారానికీ తేడా ఇక్కడే ఉంది. ఆకలికి ఒక హద్దు ఉంటుంది, కడుపు నిండితే ఆగుతుంది. అంగడికి హద్దు లేదు. చర్మానికి, దంతానికి, పెంకుకు ధర పెరిగేకొద్దీ చావులూ పెరుగుతాయి.

బహుమతి ఇచ్చి చంపించిన కాలం

తెల్లదొరల పాలనలో ప్రభుత్వమే జంతువులను చంపించింది. పులి, చిరుత, తోడేలు, ఎలుగుబంటి వంటివి వాళ్ల దృష్టిలో క్రూరమృగాలు, సేద్యానికి అడ్డు. చంపి తెచ్చినవాడికి ఖజానా నుంచి డబ్బు ఇచ్చేవారు. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో మన దేశంలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు చచ్చాయి. ఆ బహుమతుల కోసం అడవి మనుషులూ కొందరు చంపి ఉంటారు. కాని ధర కట్టింది, డబ్బు ఇచ్చింది, లెక్క రాసుకున్నది సర్కారే.

దీనికి తోడు షికారు. దొరలకు, జమీందార్లకు, సంస్థానాల రాజులకు పులి వేట ఒక హోదా. సర్గుజా మహారాజు ఒక్కడే తన జీవితంలో వెయ్యికి పైగా పులులను కాల్చాడని చెబుతారు. దాని పక్కనే ఉన్న కొరియా సంస్థానంలో 1947లో అక్కడి రాజు మూడు చిరుతపులులను కాల్చాడు. చీటా అని మనం ఇప్పుడు పిలుస్తున్న ఆ జాతికి మన దేశంలో నమోదైన చివరి జంతువులు అవే. 1952లో ఆ జాతి ఈ దేశంలో అంతరించిపోయిందని ప్రకటించారు. ఆ షికార్లలో మనవాళ్లు డప్పులు కొట్టి జంతువును తరిమే పని చేశారు. తుపాకీ దొరది, ఫొటో దొరది, చర్మం దొరది.

అదే కాలంలో రక్షణ చట్టాలూ మొదలయ్యాయి. 1873లో మద్రాసు ప్రభుత్వం అడవి ఏనుగుల రక్షణకు చట్టం చేసింది. 1879లో దేశం మొత్తానికి ఏనుగుల చట్టం వచ్చింది. ఏనుగు మీద అంత ప్రేమ ఎందుకంటే, దుంగలు లాగడానికి, సైన్యం సామాన్లు మోయడానికి సర్కారుకు ఏనుగులు కావాలి. 1879లోనే నీలగిరుల్లో వేట జంతువుల, చేపల రక్షణ చట్టం వచ్చింది. దాని ఉద్దేశం దొరల షికారుకు జంతువులు మిగలాలన్నదే. 1887లో అడవి పక్షుల చట్టం, 1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చాయి. ఏ నెలల్లో వేటాడకూడదో, ఎవరికి లైసెన్సు కావాలో ఇవి చెప్పాయి. లైసెన్సు ఉన్నవాడిది క్రీడ అయింది, లేనివాడిది దొంగవేట అయింది. తెలుగు మన్యంలో, గోండు అడవుల్లో లైసెన్సు తీసుకునే స్థోమత, చదువు, పట్నం పోయే దారి ఎవరికి ఉన్నాయో ఊహించుకోవచ్చు.

వీటన్నిటికీ మించి 1882 మద్రాసు అడవుల చట్టం మన కాళ్ల కింది నేలను రిజర్వు చేసింది. పోడు, మేత, కట్టె, వేట అన్నీ అనుమతి మీద ఆధారపడ్డాయి. 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం ప్రజలు నడవడానికి అడవి మీద ఆంక్షలు, వెట్టిచాకిరీ ముఖ్యమైన కారణాలు. నిజాం రాజ్యంలో కొమురం భీం 1940లో జోడెఘాట్‌లో ప్రాణం ఇచ్చింది కూడా అడవి, భూమి, నీళ్ల మీద హక్కు కోసమే.

గోడ మీది పులి తలకు పత్రం

స్వాతంత్ర్యం వచ్చాక తుపాకులు తగ్గలేదు. 1952లో కేంద్రం వన్యప్రాణి బోర్డు పెట్టింది, కొన్ని జంతువులకు రక్షణ కావాలని చెప్పింది. కాని 1950లు, 60ల్లో విదేశీయులను తీసుకొచ్చి పులులను కాల్పించే షికారు కంపెనీలు దర్జాగా నడిచాయి. పులి, చిరుత చర్మాలు ఓడలెక్కాయి. పాముల చర్మాలు, ఉడుము చర్మాలు చెప్పులు, సంచులు కావడానికి పోయాయి. ప్రయోగాల కోసం కోతులను విదేశాలకు పంపడం 1978 దాకా సాగింది. కప్ప కాళ్ల ఎగుమతి 1987లో గాని ఆగలేదు. పొలాల్లో కప్పలు పోతే పురుగులు పెరిగాయని రైతులు, శాస్త్రవేత్తలు గోల పెట్టిన తర్వాతే ఆ నిషేధం వచ్చింది.

1969లో ఢిల్లీలో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ మహాసభ జరిగింది. పులి అంతరించే ప్రమాదంలో ఉందని అక్కడ గట్టిగా చెప్పారు. 1970లో పులి వేటను దేశంలో నిషేధించారు. 1972లో లెక్క తీస్తే 1,827 పులులు తేలాయి. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న 9 అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది.

ఈ చట్టానికీ మనకూ ఒక నేరు సంబంధం ఉంది. అప్పట్లో వన్యప్రాణులు రాష్ట్రాల పరిధిలోని అంశం. కేంద్రం చట్టం చేయాలంటే రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి అడగాలి. అలా అడిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది, 1972లో వచ్చిన చట్టం మొదటి పేజీలోనే దాని పేరు ఉండేది. 1976లో రాజ్యాంగ సవరణతో అడవులు, వన్యప్రాణులు ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి.

ఆ 1972 చట్టాన్ని ఇప్పుడు తీసి చదివితే ఒక సంగతి మనసులో గుచ్చుకుంటుంది. వేటను అది వెంటనే పూర్తిగా ఆపలేదు. పెద్ద జంతువుల వేటకు ఒక లైసెన్సు, చిన్న జంతువుల వేటకు మరొకటి, వలేసి పట్టడానికి ఇంకొకటి అంటూ రకరకాల లైసెన్సులు ఉంచింది. చర్మాలు, కొమ్ముల వ్యాపారులకు కూడా లైసెన్సు ఇచ్చింది. ఇళ్లలో ఉన్న పులి తలలు, చర్మాలు, దంతాలు 30 రోజుల్లో అధికారికి తెలియజేస్తే వాటికి యాజమాన్య ధ్రువపత్రం పొందే దారి పెట్టింది. అంటే రాజు కాల్చిన పులి తల గోడ మీదే ఉండిపోయింది, దానికి కాగితం కూడా వచ్చింది.

ఆ 30 రోజుల గడువు సంగతి ఏ గూడేనికి ఎవరు వచ్చి చెప్పారు? గోదావరి తీరంలో కోయవాళ్ల కొమ్ము నృత్యం చూడండి. తల మీద అడవిదున్న కొమ్ములు, తరతరాలుగా వస్తున్నవి. అడవిదున్న మొదటి షెడ్యూలులోని జంతువు. ధ్రువపత్రం లేకుండా దాని కొమ్ము ఇంట్లో ఉంటే చట్టం ప్రకారం నేరం. 2003లో మరోసారి 180 రోజుల గడువు ఇచ్చారు, అదీ దాటిపోయింది. గోండుల గుస్సాడి టోపీకి మాత్రం ఈ ఇబ్బంది రాలేదు. నెమలి తోక ఈకలను దేశంలోపల వ్యాపార నిషేధం నుంచి చట్టమే మినహాయించింది. అంటే ఆచారాన్ని, జంతువును రెండింటినీ కాపాడేలా నియమం రాయడం చేతకాని పనేమీ కాదు. అడిగేవాడు ఉండాలి, వినేవాడు ఉండాలి.

దేశాల మధ్య ఒప్పందం

జంతువు ఒక దేశంలో చస్తుంది, దాని చర్మం మరో దేశంలో అమ్ముడవుతుంది. ఒక్క దేశం చట్టంతో ఇది ఆగదు. అందుకని 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో ఒక ఒప్పందం మీద దేశాలు సంతకం చేశాయి. దాన్ని సైటిస్ అంటారు. 1975లో అమల్లోకి వచ్చింది, 1976లో మన దేశం చేరింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. మార్చి 3న బడుల్లో జరిపే ప్రపంచ వన్యప్రాణి దినోత్సవం ఈ ఒప్పందం పుట్టినరోజే.

దీని పనితీరు పెద్ద చిక్కేమీ కాదు. మూడు జాబితాలు ఉంటాయి. మొదటి జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్నవి. వ్యాపారం కోసం వాటిని సరిహద్దు దాటించకూడదు. రెండో జాబితాలో, అదుపు లేకపోతే ప్రమాదంలో పడేవి. పర్మిట్ ఉంటేనే పంపాలి. మూడో జాబితాలో, ఏదో ఒక దేశం తన జీవిని కాపాడుకోవడానికి మిగతా దేశాల సాయం అడిగినవి.

మన నేల మీది జీవులు కొన్ని ఈ జాబితాల్లో ఉన్నాయి. పులి మొదటి జాబితాలో ఉంది. అలుగును 2016 సమావేశంలో రెండో జాబితా నుంచి మొదటి జాబితాకు మార్చారు. శేషాచలం కొండల ఎర్రచందనం రెండో జాబితాలో ఉంది. అనంతపురం, చిత్తూరు, కడప వైపు పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలును 2019లో మొదటి జాబితాలో చేర్చారు. పెంపుడు జంతువుగా ఇంట్లో పెట్టుకుంటే అదృష్టమన్న నమ్మకంతో ఆ తాబేళ్లను చెన్నై మీదుగా తూర్పు ఆసియా దేశాలకు దొంగచాటుగా పంపుతుంటారు. దక్షిణ భారతంలో ఒక్క చోటు నుంచే ఏడాదిలో కనీసం 55 వేల తాబేళ్లను పట్టుకున్నారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పొదల్లో వెతికి తాబేలు పట్టేది పేద కూలీ. అతనికి దక్కేది కొద్ది రూపాయలు. విదేశంలో అదే తాబేలు ఎన్నో రెట్లకు అమ్ముడవుతుంది.

చట్టం బిగిసిన కొద్దీ

1986లో సవరణ వచ్చి, షెడ్యూలు జంతువుల చర్మాలు, దంతాల వ్యాపారాన్ని దేశంలోపల కూడా నిషేధించింది. 1991లో వేట లైసెన్సులన్నీ రద్దయ్యాయి. ఆ ఏడాదే ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం కూడా ఆగింది. దంతం వ్యాపారులు మా జీవనోపాధి పోతుందని కోర్టుకు వెళ్లారు. 1997లో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్నే సమర్థించింది. వ్యాపారులకు సంఘం ఉంది, వకీలు ఉన్నాడు, కోర్టులో తమ మాట వినిపించే వీలు దొరికింది. ఓడిపోయినా వాళ్ల మాట రికార్డులో ఉంది. వేట ఆగిపోయిన గూడెంలో ఏం తింటారని ఎవరూ కేసు వేయలేదు.

2022లో మళ్లీ పెద్ద సవరణ జరిగి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి. మొదటిది ఎక్కువ రక్షణ కావలసిన జంతువులది. రెండోది మిగతా రక్షిత జంతువులది. మూడోది మొక్కలది. నాలుగోది సైటిస్ జాబితా జీవులది. ఇప్పుడు శిక్షలు ఇలా ఉన్నాయి: మొదటి షెడ్యూలు జంతువును చంపినా, పట్టినా, అభయారణ్యంలో వేటాడినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. పులుల అభయారణ్యం లోపలి భాగంలో వేటాడితే జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు.

మన పిల్లలకు తప్పక చెప్పాల్సిన సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. చాలామంది దాన్ని కూర జంతువే కదా అనుకుంటారు, కాని చట్టం దృష్టిలో దాన్ని చంపినా పులిని చంపినా సెక్షన్ ఒకటే. చట్టంలో వేట అన్న మాటకు చంపడమే అర్థం కాదు. ఉచ్చు పెట్టడం, పట్టడం, తరమడం, గుడ్లు పగలగొట్టడం అన్నీ వేటే. ఇంకో మాట. మామూలు కేసుల్లో నేరాన్ని పోలీసులు రుజువు చేయాలి. ఇక్కడ మాత్రం మన దగ్గర కొమ్మో, చర్మమో దొరికితే అది అక్రమంగా ఉన్నదనే అనుకుంటారు. కాదని చూపించే భారం మన మీదే ఉంటుంది. అడవిలో కొమ్ము దొరికి ఇంటికి తెచ్చినా 48 గంటల్లో పోలీసు స్టేషన్‌లో గాని, అటవీ అధికారికి గాని తెలపాలి. ఊళ్లో చిలుకను పంజరంలో పెంచుకోవడం కూడా నేరమే.

చట్టంలో మన పక్షాన ఉన్న మాటలూ ఉన్నాయి. ఎలుగుబంటి మీద పడితే ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో కొట్టి చంపడం నేరం కాదు. అయితే అప్పటికే మనం వేరే నేరం చేస్తూ ఉండకూడదు, చచ్చిన జంతువు సర్కారుదే అవుతుంది. చట్టం పేర్కొన్న రక్షిత మొక్కలను షెడ్యూల్డ్ తెగలవాళ్లు తాము నివసించే జిల్లాలో సొంత వాడకానికి తెచ్చుకోవచ్చు. అభయారణ్యాల లోపల మాత్రం అక్కడి నియమాలు వర్తిస్తాయి. నికోబార్ దీవుల ఆదివాసీలకు ఇచ్చిన వేట హక్కులకు ఈ చట్టం అడ్డు రాదని 65వ సెక్షన్ చెబుతుంది. ఆ మాట మన మెయిన్‌లాండ్ ఆదివాసీలకు లేదు.

గొలుసులో చివరి కొక్కెం

దొంగవ్యాపారం ఒక గొలుసు. అడవిలో ఉచ్చు పెట్టేవాడు ఒక కొస. మధ్యలో దళారి, పట్నంలో వ్యాపారి, సరిహద్దు దాటించేవాడు, విదేశంలో కొనేవాడు. పట్టుబడేది ఎక్కువగా మొదటివాడే.

సంసార్ చంద్ అనే ఢిల్లీ వ్యాపారి కథ దీనికి ఉదాహరణ. 1974లో తొలిసారి చర్మాలతో పట్టుబడ్డాడు. ఆ తర్వాత 30 ఏళ్ల పాటు కేసులు, బెయిళ్లు, అప్పీళ్ల మధ్య వ్యాపారం సాగిస్తూనే ఉన్నాడు. 2005లో మళ్లీ పట్టుబడే నాటికి రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో ఒక్క పులి కూడా మిగల్లేదు. అతని లాంటివాళ్లకు జంతువులను పట్టి ఇచ్చినవాళ్లలో సంచార వేట తెగల పేదలున్నారు. ఇలాంటి ఎన్నో తెగలను 1871 చట్టంతో తెల్లదొరలు పుట్టుకతో నేరస్థులని ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో పోయింది, ముద్ర పోలేదు.

సరిస్కా దెబ్బతో కేంద్రం సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్ వేసింది. పులిని కాపాడాలంటే అడవి చుట్టూ బతికే మనుషులను కలుపుకోక తప్పదని 2005లో ఆ నివేదిక చెప్పింది. 2006లో చట్టం సవరించి జాతీయ పులుల సంరక్షణ సంస్థను, వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోను పెట్టారు. అప్పుడు లెక్కలో తేలిన పులులు 1,411. 2022 లెక్కలో 3,682. చట్టం వల్ల ప్రయోజనం లేదని ఎవరూ అనలేరు. పులి మిగిలిందంటే ఈ కట్టుదిట్టం వల్లే. పులి మిగిలితే అడవి మిగులుతుంది, అడవి మిగిలితే మనం మిగులుతాం.

కాని గొలుసులో కింది కొస ఎంత ప్రమాదమో శేషాచలం చెప్పింది. 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ పోలీసులు కాల్పులు జరిపారు. 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు కూలీలు. వాళ్లలో జవ్వాది కొండల వైపు ఆదివాసీలూ ఉన్నారు. దుంగలు కొని విదేశాలకు పంపే పెద్దలెవరూ ఆ రోజు ఆ కొండ మీద లేరు. కూలి కోసం కొండ ఎక్కినవాళ్లే అక్కడ ఉన్నారు.

తలుచుకుంటే ప్రభుత్వం సేకరించేవాడి పక్షాన నిలబడి వ్యాపారిని కట్టడి చేయగలదు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1979లో మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం వ్యాపారాన్ని నియంత్రించే రెగ్యులేషన్ వచ్చి, కొనే హక్కు ఆ సంస్థకు ఇచ్చింది. సంతలో తూకం మోసం చేసే షావుకారు నుంచి చింతపండు, జిగురు, తేనె తెచ్చేవాళ్లను కాపాడాలన్నదే దాని ఆశయం. అమలులో లోపాలు ఎన్నో ఉన్నా, ఆ చట్టం వేలు చూపింది వ్యాపారి వైపే.

2006 చెప్పిన రెండు మాటలు

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది మనకు ఏమిచ్చింది, ఏమివ్వలేదు అన్నది రెండూ చదవాలి. అడవిలో తరతరాల హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, వేటాడే హక్కు, ఉచ్చు పెట్టే హక్కు, జంతువు శరీర భాగాలు తీసే హక్కు మాత్రం ఇందులో లేవని 3వ సెక్షన్‌లో స్పష్టంగా రాసింది. పట్టా ఉంది కాబట్టి వేటాడవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అదే చట్టం 5వ సెక్షన్‌లో వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. అడవికి హాని చేసే పనులను ఆపేలా గ్రామసభ నిర్ణయం తీసుకోవచ్చు. పులుల కోసం ఊరిని తరలించాలంటే ముందుగా హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి. 2006 వన్యప్రాణి సవరణ కూడా పులుల అభయారణ్యం విషయంలో ఇదే చెబుతుంది. కర్ణాటకలో బిళిగిరి రంగనాథ కొండల సోలిగలకు 2011లో పులుల అభయారణ్యం లోపలే సామూహిక హక్కులు దక్కాయి. పులి ఉన్న చోట మనిషి ఉండకూడదన్న వాదనకు సోలిగల ఊళ్లు జవాబుగా నిలిచాయి.

అడవి తెలివి కూలి కాకుండా

వేట మన పెద్దలకు నేర్పిన విద్య ఒకటుంది. అడుగు చూసి జంతువు ఏదో చెప్పడం, పేడ చూసి ఎప్పుడు పోయిందో చెప్పడం, కూత విని చోటు చెప్పడం. ఈ విద్యను దళారి చవకగా కొంటాడు. దాన్ని గౌరవంగా వాడుకున్న చోట్లూ ఉన్నాయి.

తమిళనాడు ఇరుళవాళ్లు ఒకప్పుడు మద్రాసు తోళ్ల కార్ఖానాలకు పాములు పట్టి ఇచ్చేవారు. చట్టం ఆ పనిని ఆపేసరికి పొయ్యిలో పిల్లి లేవలేదు. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఇరుళ పాము పట్టేవాళ్ల సహకార సంఘం ఏర్పడింది. అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, కొన్ని వారాలు ఉంచుకుని, విషం తీసి, గుర్తు పెట్టి మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం వాళ్ల దగ్గర నుంచే వెళ్లింది. మన ఊళ్లో పాము కరిచినవాడికి ఆస్పత్రిలో ఎక్కించే మందు వెనుక ఆ ఆదివాసీల చేతులున్నాయి. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

కడప జిల్లా కలివికోడి కథ మనకు ఇంకా దగ్గరిది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ పక్షిని లోకానికి తెలిపాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. శాస్త్రవేత్తలు అంతరించిందనే అనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు వెతుకుతూ వచ్చినప్పుడు, రాత్రిపూట పొదల్లో తిరిగే ఆ పిట్టను పట్టి చూపించింది స్థానిక వేటగాడే. పుస్తకాల్లో పోయిన పక్షికి ఊరివాళ్ల నోట్లో పేరు బతికే ఉంది. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. నల్లమలలోనూ పులి అడుగులు వెతికే బేస్ క్యాంపుల్లో చెంచు యువకులు పని చేస్తున్నారు. వాళ్ల తెలివి లేకపోతే ఆ అడవిలో గస్తీ సాగదు. ఆ పని రోజుకూలిగా కాక పక్కా ఉద్యోగంగా మారాలని అడగడం మన హక్కు.

ఉపాధ్యాయులకు, యువతకు

రెండు తలల పాము తెస్తే కోట్లు ఇస్తామని, అలుగు పెంకులకు మందు గుణం ఉందని, ఉడుము అవయవంతో అదృష్టం వస్తుందని ఫోన్‌లో ఫొటోలు చూపేవాళ్లు ఉంటారు. రెండు తలల పాము అన్నది మామూలు పామే, తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. అలుగు పెంకు మన గోరులాంటిదే, అందులో మందు లేదు. అలుగు సాధారణంగా ఒక్కో కాన్పులో ఒక్క పిల్లనే కంటుంది. ఒకదాన్ని పట్టిస్తే ఆ అడవిలో దాని చోటు నిండడానికి ఏళ్లు పడుతుంది. డబ్బు ఆశ చూపినవాడు పోలీసులు వచ్చేసరికి ఫోన్ ఆపేస్తాడు. మూడేళ్లు జైల్లో ఉండేది మన కుర్రాడు. వకీలుకు పొలం కుదువ పెట్టేది వాడి తల్లి.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లు ఈ చట్టాలను ఒక్క రోజు పాఠంగా కాకుండా, ఊరి జంతువుల పేర్లతో కలిపి చెప్పాలి. మన భాషలో ఉడుమును, అలుగును, అడవిదున్నను ఏమంటారో పిల్లల చేత రాయించి, పక్కన అది ఏ షెడ్యూలులో ఉందో రాయించాలి. పండుగ వేటను జంతువు చావకుండా ఎలా జరుపుకోవచ్చో పెద్దలతో మాట్లాడించాలి. యువకులు గ్రామసభలో కూర్చుని 5వ సెక్షన్ కింద తీర్మానం రాయాలి: మా అడవిలో బయటివాళ్లు ఉచ్చు పెట్టకూడదు, దళారి అడుగు పెట్టకూడదు, పశువును పులి తింటే నష్టపరిహారం ఆలస్యం లేకుండా రావాలి. కొమ్ము నృత్యపు కొమ్ములకు, వాటితో వ్యాపారం చేయనంత కాలం, రక్షణ ఇవ్వాలని ప్రభుత్వాన్ని అడగాలి.

చెక్‌పోస్టు బోర్డు మీద శిక్ష ఎంతో మాత్రమే రాసి ఉంటుంది. అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఉందన్న మాట అక్కడ లేదు. ఆ మాటను మన ఊరి పంచాయతీ గోడ మీద మనమే రాసుకోవాలి.